నడుం బెల్టా, ఎత్తు బల్లా, కసరత్తా? పనివాళ్ల నడుము నొప్పికి ముందు దేనికి ఖర్చు పెట్టాలి

పలమనేరు మార్కెట్లో టమోటా క్రేట్లు ఎత్తే హమాలీకి నడుము నొస్తుంది. రేణిగుంటలో అసెంబ్లీ లైను ముందు షిఫ్టంతా కూర్చునే అమ్మాయికీ నొస్తుంది. తిరుపతి నుంచి కొండకు, కాణిపాకానికి, శ్రీకాళహస్తికి యాత్రికులను తిప్పే టాక్సీ డ్రైవరుకూ నొస్తుంది. నొప్పి పేరు ఒకటే గానీ మూలం ముగ్గురిలోనూ వేరు. యజమాని మాత్రం ముగ్గురికీ ఒకే మందు వేస్తాడు: మెడికల్ షాపులో నడుం బెల్టులు కొని పంచుతాడు. డబ్బు పోతుంది, నొప్పి పోదు.

మండీ యజమానులు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీల సూపర్‌వైజర్లు, ట్రావెల్స్ నడిపేవాళ్లు, హమాలీ సంఘాల పెద్దలు ఎంచుకోవడానికి వీలుగా ఉన్న దారులన్నిటినీ ఇక్కడ పక్కపక్కన పెడుతున్నాం. మా తీర్పు ముందే చెబుతాం. బరువులెత్తే చోట మొదటి రూపాయి ఎత్తు సరిచేయడానికి, రెండోది చక్రాలకు, మూడోది అదనపు మనిషికి పెట్టాలి. కసరత్తు వీటికి తోడుగా ఉండాలి. బెల్టుకు ఈ వరసలో చోటు లేదు.

ఎవరికి వస్తుందో ముందే పసిగట్టడం: మనిషిని పరీక్షించాలా, పనిని కొలవాలా

పనిలో చేర్చుకునే ముందు నడుముకు ఎక్స్‌రే తీయించే అలవాటు కొన్ని చోట్ల ఉంది. స్తోమత ఉన్నవాళ్లు ఎంఆర్‌ఐ దాకా వెళ్తారు. ఈ పని కోసమైతే రెండూ వద్దు. నొప్పే లేని మనుషులకు స్కాన్ తీసి చూసిన అధ్యయనాలను కలిపి 2015లో ఒక సమీక్ష వచ్చింది. అందులో 20 ఏళ్లవాళ్లలోనే 37 శాతం మందికి డిస్క్ అరుగుదల కనిపించింది, 80 ఏళ్లవాళ్లలో 96 శాతం మందికి. డిస్క్ ఉబ్బు 20 ఏళ్లకే 30 శాతం మందిలో ఉంది. వీళ్లెవరికీ నొప్పి లేదన్నది మరిచిపోకూడదు. అంటే స్కాన్ చూసి ఒకరిని తీసుకుని ఇంకొకరిని పంపేస్తే, గట్టి మనిషి కూలీ పోగొట్టుకుంటాడు, మీకు మాత్రం భరోసా ఏమీ రాదు. దీనికి మించిన నష్టం ఇంకొకటుంది. "నీ డిస్క్ అరిగింది" అన్న మాట విన్నవాడు ఆ రోజు నుంచి వంగడానికే భయపడతాడు. ఆ భయమే రేపు వచ్చే చిన్న నొప్పిని నెలల తరబడి సాగదీస్తుంది.

బలపరీక్షల సంగతి కొంచెం మెరుగు. బల్ల మీద బోర్లా పడుకుని, నడుము పైభాగాన్ని గాలిలో నిలబెట్టి ఎంతసేపు ఉండగలరో చూసే సోరెన్‌సెన్ పరీక్షకు గడియారం తప్ప ఖర్చు లేదు. కానీ రేపు ఎవరికి నొప్పి వస్తుందో చెప్పడంలో దాని ఫలితాలు అధ్యయనానికో తీరుగా ఉన్నాయి. కసరత్తు మొదలుపెట్టాక ఓపిక పెరిగిందా లేదా చూసుకోవడానికి వాడుకోండి, మనిషిని తిరగ్గొట్టడానికి వద్దు.

మనిషిని అడగవలసిన ప్రశ్న ఒక్కటుంది: "గడిచిన 12 నెలల్లో నడుము నొప్పి ఒక రోజుకు మించి ఉండిందా, దానివల్ల పని మానాల్సి వచ్చిందా?" మళ్లీ నొప్పి వస్తుందని చెప్పే సూచనల్లో, పాత నొప్పిని మించింది ఇంతవరకు దొరకలేదు. పైసా ఖర్చు లేదు. కానీ దీన్ని చెడగొట్టే తీరు కూడా ఒక్కటే: కూలీ లెక్క చూసే మనిషే ఈ ప్రశ్న అడగడం. అవునంటే రేపు పిలవరన్న భయం ఉంటే, అందరూ "ఏం లేదు సార్" అనే అంటారు. కాబట్టి అడిగేది నర్సో, సంఘం మనిషో కావాలి. పేర్లు యజమాని బల్ల మీదికి రాకూడదు, పని విభాగం వారీగా సంఖ్య మాత్రమే రావాలి. మనిషి బొమ్మ గీసిన కాగితం ఇచ్చి ఎక్కడ నొప్పో గుర్తు పెట్టమనే నార్డిక్ ప్రశ్నావళి 1987 నుంచి వాడుకలో ఉంది. చదువురాని వాళ్లకూ అది సులువు. మూడు నెలలకోసారి చాలు. ఒకే పని చేసే పదిమందిలో ముగ్గురు నలుగురు నడుము మీదే గుర్తు పెట్టారంటే, తప్పు ఆ ముగ్గురిలో కాదు, పనిలో వెతకాలి.

పని వాతావరణాన్నీ అడగాలి. అమెరికాలో విమాన కర్మాగార కార్మికుల మీద 1991లో వచ్చిన అధ్యయనంలో, తమ పని దాదాపు ఎప్పుడూ నచ్చదన్నవాళ్లు నడుము గాయం అయిందని చెప్పడం మిగతావాళ్లకంటే 2.5 రెట్లు ఎక్కువగా ఉంది. నొప్పి బూటకమని దీని అర్థం కాదు. తిట్లు, విశ్రాంతి లేని పీసు రేటు, నిద్ర చాలని డబుల్ షిఫ్టు కూడా నడుము మీదే పడతాయి.

ఇవన్నీ అడిగాక కూడా అసలు పసిగట్టే సాధనం కొలత టేపే. అమెరికా వృత్తి భద్రత, ఆరోగ్య సంస్థ నయోష్ 1991లో సవరించిన ఎత్తుడు సూత్రం ప్రపంచమంతా వాడుకలో ఉంది. అన్నీ అనుకూలంగా ఉంటే రెండు చేతులతో 23 కిలోలు ఎత్తవచ్చని అది మొదలుపెడుతుంది. తర్వాత ఒక్కొక్క ఇబ్బందికీ కొంత కోస్తూ పోతుంది. మిగిలినది ఆ చోట, ఆ పద్ధతిలో ఎత్తదగిన బరువు. అసలు బరువును దానితో భాగిస్తే వచ్చేది ఎత్తుడు సూచిక. 1 దాటితే ముప్పు మొదలవుతుంది, 3 దాటితే చాలామందికి నడుము దెబ్బతినే పని అని అర్థం.

ఒక టమోటా క్రేటు లెక్క

25 కిలోల క్రేటు నేల మీద ఉంది. హమాలీ దాన్ని ఎత్తి, పక్కకు తిరిగి, చిన్న ట్రక్కు తొట్టిలో పెడతాడు. నిమిషానికి 4 చొప్పున రెండు గంటలు. ఇప్పుడు టేపు పెడదాం.

చీలమండల మధ్య నుంచి చేతుల దాకా అడ్డంగా ఉన్న దూరం 43 సెంటీమీటర్లు. 25ను ఆ దూరంతో భాగించాలి: 0.58. నేల నుంచి చేతుల ఎత్తు 20 సెంటీమీటర్లు. సరైన ఎత్తు 75. ఎన్ని సెంటీమీటర్లు తేడా ఉంటే అన్నింటినీ 0.003తో గుణించి 1లోంచి తీసేయాలి: 0.835. చేతులు పైకి కదిలిన దూరం 80 సెంటీమీటర్లు. 4.5ను దానితో భాగించి 0.82 కలపాలి: 0.876. నడుము పక్కకు తిరిగింది 45 డిగ్రీలు. డిగ్రీకి 0.0032 చొప్పున 1లోంచి తీయాలి: 0.856. నిమిషానికి 4 సార్లు, రెండు గంటల పనికి నయోష్ ఇచ్చిన పట్టికలో విలువ 0.72. క్రేటుకు చేతిపట్టు బాగుంది కాబట్టి అక్కడ కోత లేదు. పట్టు దొరకని గోనె బస్తా అయితే 0.90.

23ను వీటన్నింటితో గుణిస్తే 6 కిలోలు మిగులుతుంది. ఎత్తుతున్నది 25. సూచిక 4.1.

దీన్ని తగ్గించడానికి మూడు దారులు అందరికీ తడతాయి. వాటిని ఒక్కొక్కటే ఇదే లెక్కలో పెట్టి చూద్దాం, ఎందుకంటే ఇక్కడే డబ్బు తప్పుదారి పడుతుంది.

మొదటిది క్రేటు బరువు 15 కిలోలకు తగ్గించడం. చూడటానికి ఇదే మంచి పని, సూచిక 2.5కు దిగుతుంది కూడా. కానీ ట్రక్కు నిండాల్సిన సరుకు మారలేదు, ఎత్తేవాళ్ల సంఖ్యా మారలేదు. నిమిషానికి 4 క్రేట్ల చోట దాదాపు 7 ఎత్తాలి. 7 సార్లకు పట్టిక విలువ 0.72 నుంచి 0.42కు పడిపోతుంది. మళ్లీ లెక్క కడితే సూచిక 4కు పైనే ఉంది. మనుషులను పెంచకుండా బరువు మాత్రమే తగ్గిస్తే నడుముకు మిగిలేది ఏమీ లేదు.

రెండోది క్రేట్లను నేల మీద కాకుండా నడుము ఎత్తులో పేర్చడం, తొట్టికి ఎదురుగా నిలబడి తిరగాల్సిన పని లేకుండా చేయడం. చేతుల ఎత్తు 75 సెంటీమీటర్లు, అడ్డ దూరం 38, పైకి కదలిక 25 లోపు, తిరుగుడు సున్నా. బరువు అదే 25, వేగం అదే 4. ఎత్తదగినది 10.9 కిలోలయింది, సూచిక 2.3. ఒక్క కిలో తగ్గించకుండానే ముప్పు దాదాపు సగమైంది.

మూడోది "మెల్లగా ఎత్తండయ్యా" అని వేగం సగం చేయడం. రెండు గంటల పని నాలుగు గంటలవుతుంది. రెండు గంటలు దాటిన పనికి పట్టిక ఇంకా కఠినం: నిమిషానికి 2 చొప్పున రెండు గంటలైతే 0.84, అంతకు మించి సాగితే 0.65. కాబట్టి నాలుగు గంటలు లాగడం కాదు, అదే రెండు గంటలకు రెండో మనిషిని తేవాలి.

మూడూ సరైన వరసలో కలిపితే, అంటే నడుము ఎత్తు, 15 కిలోల క్రేటు, వేగం మనిషికి నిమిషానికి రెండు దాటకుండా సరిపడా హమాలీలు ఉంటే, సూచిక 1.2. నాలుగు నుంచి అక్కడికి రావడానికి యంత్రమేదీ కొనలేదు.

ఈ లెక్క చెల్లని చోట్లు తెలుసుకోవాలి. ఒక్క చేత్తో ఎత్తేటప్పుడు, కూర్చునో మోకరిల్లో ఎత్తేటప్పుడు, బరువును చాలా అడుగులు మోసుకుపోయేటప్పుడు, తోసేటప్పుడు ఇది వాడకూడదు. 19 నుంచి 26 డిగ్రీల వేడిని ఊహించి రాసిన సూత్రమిది. బంగారుపాళెంలో తోతాపురి దిగే జూన్ ఎండలో అసలు ముప్పు వచ్చిన అంకెకంటే ఎక్కువే అనుకోవాలి.

ఎత్తు, చక్రం, మనిషి

ఎత్తు బల్లకు పెద్ద ఖర్చు అక్కర్లేదు. సరుకుతో వచ్చే చెక్క ప్యాలెట్ ఒకటి సుమారు 14 సెంటీమీటర్లుంటుంది. క్రేటు పట్టు దాని అడుగు నుంచి 20 సెంటీమీటర్ల పైన ఉంది కాబట్టి నాలుగు ప్యాలెట్లు ఒకదాని మీద ఒకటి పెడితే చేతులు సరిగ్గా 75 దగ్గరికి వస్తాయి. తప్పు జరిగేది రెండు చోట్ల. ప్యాలెట్లను కలిపి కట్టకపోతే కదులుతాయి. ఊగే వేదిక మీది బరువును పట్టుకోబోయిన క్షణంలోనే నడుము పట్టేస్తుంది. నాలుగు మూలలా మేకులో, ఇనుప పట్టీయో వేయాలి. రెండో తప్పు, వేదిక మీద క్రేట్లను ఐదారు వరసలు పేర్చడం. పై వరస భుజం దాటితే వంగే ముప్పు పోయి చేతులు పైకెత్తే ముప్పు వస్తుంది. రెండు వరసలు మించొద్దు. స్ప్రింగు అడుగున్న లెవలర్ బల్లలైతే సరుకు తగ్గేకొద్దీ పైకి లేస్తాయి. గుజ్జు ఫ్యాక్టరీల్లో డబ్బాలు పేర్చే చోట అవి తమ ధరను రాబట్టుకుంటాయి. వారానికి రెండు రోజులు నడిచే మండీకి అవసరం లేదు.

ట్రాలీ కొనేవాళ్లు చక్రం చూడకుండా ధర చూస్తారు. చిన్న నైలాన్ చక్రాలు ఫ్యాక్టరీ గచ్చు మీద బాగా తిరుగుతాయి, మార్కెట్ యార్డు బురదలో, రాళ్లలో ఇరుక్కుంటాయి. అక్కడ 10 అంగుళాల గాలి చక్రాలు తీసుకోండి, నెలకోసారి గాలి చూడండి. పిడి నేల నుంచి 90, 110 సెంటీమీటర్ల మధ్య ఉండాలి. లాగడం కాదు, తోయాలి. కదిలించేటప్పుడు ఒక్క ఉదుటున కాకుండా శరీర బరువును మెల్లగా వాల్చాలి.

కొన్ని బరువులకు బల్ల కూడా చాలదు. 50 కిలోల సిమెంటు బస్తాను ఎంత మంచి ఎత్తులో పెట్టినా సూచిక 2.2 కిందికి రాదు, ఎందుకంటే పై హద్దే 23. 40 లీటర్ల పాల క్యాను నిండితే పాలే 41 కిలోలు, క్యాను బరువు వేరే. ఇలాంటివాటికి చక్రమో, ఇద్దరు మనుషులో తప్ప వేరే దారి లేదు. ఇద్దరు కలిసి ఎత్తినా బలం రెట్టింపు కాదు. ఇద్దరి బలం కలిపిన దాంట్లో మూడింట రెండొంతులే లెక్కలోకి తీసుకోవాలి. పొడుగుల్లో బాగా తేడా ఉన్నవాళ్లను జత చేస్తే భారం పొట్టివాడి మీద వాలుతుంది. అన్నదానం వంటశాలల్లో సాంబారు గుండిగలు దించేటప్పుడు ఇదే జరుగుతుంది. చెవులకు గుడ్డ చుట్టి పట్టుకోవడం కంటే కడ్డీ దూర్చి సమాన పొడుగున్న ఇద్దరు ఎత్తడం మేలు. గుండిగను అసలు కదిలించకుండా చిన్న బకెట్లలోకి తోడుకోవడం ఇంకా మేలు.

పాల కేంద్రాలకు ఒక ప్రత్యేక జాగ్రత్త. రాత్రంతా పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి, లేచిన తొలి గంటలో వంగితే వాటి మీద ఒత్తిడి మామూలుకంటే ఎక్కువ. ఐదింటికి లేచి ఐదున్నరకు క్యాన్లు ఎత్తే మనిషికి ఇదే చెడ్డ ఘడియ. ఆ తొలి గంటలో రాతకోతలు, పాల పరీక్ష, లెక్క చూసే పనులు పెట్టి, ఎత్తుడు పని తర్వాతికి జరపగలిగితే జరపండి. వీలుకాకపోతే ఆ గంటలో క్యాన్లు నేల మీద కాకుండా అరుగు ఎత్తులో దిగేలా చూడాలి.

2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్ గాయం చేసేంత బరువు ఎవరిచేతా ఎత్తించకూడదంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967 సిఫారసు మగవారికి 55 కిలోల గరిష్ఠ హద్దు పెట్టింది. ఆ 55 దాటకూడని గీత మాత్రమే. రోజంతా ఎత్తడానికి క్షేమమైన బరువు దానికి చాలా కింద ఉంది.

బెల్టు, శిక్షణ, కసరత్తు

బెల్టు ధర వందల్లోనే కాబట్టి చేతికి అందుతుంది. అమెరికాలో దుకాణాల గొలుసు కార్మికులు తొమ్మిది వేలకు పైగా మందిని పరిశీలించి 2000లో ప్రచురించిన అధ్యయనంలో, బెల్టు పెట్టుకున్నవాళ్లకూ పెట్టుకోనివాళ్లకూ నడుము నొప్పిలో తేడా కనిపించలేదు. తేడా ఎందుకు రాదో చూస్తే అర్థమవుతుంది: సూచికను పెంచే దూరం, ఎత్తు, తిరుగుడు, వేగం, వీటిలో ఏదీ బెల్టు మార్చదు. పైగా బెల్టు ఉందన్న ధైర్యంతో ఇంకొక క్రేటు కలిపి ఎత్తుతారు. దీర్ఘకాల నడుము నొప్పికి నడుము పట్టీలు వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మార్గదర్శకాలు కూడా చెప్పాయి. ఎవరికైనా గాయమైనప్పుడు డాక్టరు కొన్నాళ్లు పెట్టుకోమంటే అది చికిత్స, దాని సంగతి వేరు.

"మోకాళ్లు వంచి ఎత్తండి" అని పోస్టరు అంటించి, ఏడాదికోసారి గంట శిక్షణ ఇచ్చి చేతులు దులుపుకోవడం కూడా ఇదే కోవ. ఎత్తే పద్ధతి మీద ఇచ్చే సలహా ఒంటరిగా నడుము నొప్పిని ఆపలేదని సమీక్షలు పదేపదే చెప్పాయి. క్రేటు నేల మీద, తొట్టి ఛాతీ ఎత్తులో, నిమిషానికి నాలుగు ఎత్తాల్సి ఉంటే మోకాళ్లు వంచే ఓపిక పదో క్రేటుకే అయిపోతుంది. శిక్షణలో నేర్పదగిన మాట ఒకటి ఉంది: బరువును ఒంటికి దగ్గరగా పట్టుకో. అడ్డ దూరం 43 నుంచి 30కి తగ్గితే ఆ ఒక్క గుణకమే 0.58 నుంచి 0.83 అవుతుంది.

కసరత్తుది పూర్తిగా వేరే కథ. 2016లో వచ్చిన సమీక్షలో కసరత్తు, అవగాహన కలిపి చేయించినప్పుడు ఏడాదిలోపు నడుము నొప్పి వచ్చే ముప్పు 45 శాతం తగ్గింది, కసరత్తు ఒక్కటే అయితే 35 శాతం. మానేస్తే ఆ లాభం నిలవదు. కాబట్టి ప్రారంభోత్సవం చేసి వదిలేసే సంస్థ దీనికి డబ్బు పెట్టొద్దు.

చేయించేవి మూడు చాలు. వెల్లకిలా పడుకుని ఒక మోకాలు మడిచి, అరచేతులు నడుము కింద పెట్టి, తల భుజాలు కాస్త లేపి ఆపడం. మోచేయి, మోకాళ్ల ఆసరాతో పక్కకు తిరిగి నడుమును నిటారుగా నిలపడం. రెండు చేతులూ రెండు మోకాళ్లూ నేలకు ఆనించి, ఎదురెదురు చేయి, కాలు చాచడం. ఒక్కోటి 8 నుంచి 10 సెకన్లు, అంతకు మించి పట్టుకోవద్దు. మొదట 6 సార్లు, కాస్త ఆగి 4, మళ్లీ ఆగి 2. రెండు వైపులా. పది పదిహేను నిమిషాల పని, వారానికి మూడు రోజులు, జీతం ఇచ్చే సమయంలోనే. లేవగానే కాలివేళ్లు తాకే వంగుళ్లు, కాళ్లు నొక్కిపెట్టి లేచే సిటప్‌లు చేయిస్తే మంచికి పోయి చెడ్డ తెచ్చుకున్నట్టే.

ఒకసారి నొప్పి వచ్చి తగ్గినవాళ్లకు నడక మంచి ఎంపిక. 701 మంది మీద చేసి 2024లో ప్రచురించిన ఆస్ట్రేలియా పరిశోధనలో, నడక పెంచుకుంటూ పోయి సలహాలు పొందినవాళ్లకు నొప్పి తిరగబెట్టడానికి మధ్యస్థంగా 208 రోజులు పట్టింది, మిగతావాళ్లకు 112 రోజులు. లక్ష్యం ఆరు నెలల్లో వారానికి ఐదుసార్లు అరగంట నడకకు చేరడం. తిరుపతిలో నడక అనగానే అందరికీ అలిపిరి మెట్లు గుర్తొస్తాయి. మొదలుపెట్టేది మాత్రం సమతలం మీదే. మెట్లెక్కడం వేరే శ్రమ, దిగడం మోకాళ్లకు భారం.

డ్రైవర్లకు వేరే లెక్క

డ్రైవరు ఏమీ ఎత్తడు, అయినా నడుము పోతుంది. బండి అదురు, కదలని కూర్చోవడం, ఘాట్ మలుపుల్లో నడుము అటూ ఇటూ ఊగడం, దిగీ దిగగానే సూట్‌కేసులు లాగడం, ఇవన్నీ కలిసి చేసే పని అది. ఐరోపా 2002 నిబంధనల ప్రకారం ఎనిమిది గంటల సగటు అదురు సెకను వర్గానికి 0.5 మీటర్లు దాటితే యజమాని చర్య తీసుకోవాలి, 1.15 దాటనివ్వకూడదు. మన ట్రావెల్స్ యజమానికి ఆ కొలత యంత్రం దొరకకపోయినా ఎంపికలు తెలిసినవే.

స్పంజి దిండు మెత్తగా ఉంటుంది గానీ, బాగా మెత్తనిది కొన్ని రకాల అదురును ఇంకా పెంచుతుంది. పైగా సీటు ఎత్తు మారి, క్లచ్ తొక్కడానికి కాలు సాచాల్సి వస్తుంది. బస్సుకు, లారీకి సస్పెన్షన్ సీటు మంచిదే, కానీ దాన్ని ఎక్కిన ప్రతి డ్రైవరూ తన బరువుకు తగ్గట్టు తిప్పుకోవాలి. 90 కిలోల మనిషికి బిగించిన సీటులో 60 కిలోల మనిషి కూర్చుంటే అది కదలదు. 60 కిలోల మనిషికి బిగించిన దాంట్లో 90 కిలోల మనిషి కూర్చుంటే గుంత పడ్డప్పుడల్లా సీటు అడుగుకు కొట్టుకుని, సస్పెన్షన్ లేని సీటుకంటే గట్టి దెబ్బ వెన్నుకు తగులుతుంది. కారుకైతే డబ్బు ఖర్చు లేని పనులు ముందు: క్లచ్ పూర్తిగా తొక్కినా మోకాలు కొంచెం మడిచి ఉండేలా సీటు ముందుకు జరపడం, వీపు ఆసరా 100 నుంచి 110 డిగ్రీలు, మూడు నాలుగు సెంటీమీటర్ల మందం వచ్చేలా చుట్టిన తువ్వాలు నడుము వంపు దగ్గర, వెనక జేబులో పర్సు తీసేయడం, టైర్లలో గాలి కంపెనీ చెప్పినంతే.

వీటన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చేది ఒక్క అలవాటు. గంటల తరబడి వంగి కూర్చున్నాక వెన్ను కీళ్ల పట్టీలు సాగి ఉంటాయి, కొన్ని నిమిషాల దాకా బిగువుకు రావు. ఆ నిమిషాల్లోనే డిక్కీలోకి వంగి పాతిక కిలోల పెట్టె లాగుతాడు. దిగాక రెండు మూడు నిమిషాలు నడిచి, నడుము మీద చేతులు పెట్టి నాలుగుసార్లు వెనక్కి వంగి, పెట్టెను ముందు డిక్కీ అంచుకు జరిపి, తర్వాతే ఎత్తాలి. యాత్రికులు తొందరపెడతారు. ఆ రెండు నిమిషాలు డ్రైవరు హక్కని యజమానే బుకింగప్పుడు చెప్పాలి.

కూర్చుని చేసే పనికి ఇంత వివరం అక్కర్లేదు. ఖరీదైన కుర్చీకి, ఎత్తు మారే మామూలు కుర్చీకి మధ్య తేడా కంటే, అరగంటకోసారి లేవడానికీ లేవకపోవడానికీ మధ్య తేడా ఎక్కువ. పాదాలు నేలకందని వాళ్లకు పీట వేయండి. నిలబడే లైన్లలో 10, 15 సెంటీమీటర్ల ఎత్తున ఒక కడ్డీ పెడితే కాళ్లు మార్చి మార్చి ఆనించుకుంటారు. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్లలా బట్ట మీదికి వంగేవాళ్లకు కుర్చీ మార్చడం కంటే బల్ల పైభాగాన్ని వాలుగా లేపడం మేలు.

నొప్పి వచ్చాక

కాలు బలహీనపడటం, మూత్రం లేదా విరేచనం పట్టు తప్పడం, మర్మాంగాల చుట్టూ తిమ్మిరి, జ్వరంతో నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, పడిన తర్వాత వచ్చిన నొప్పి, ఇంతకుముందు క్యాన్సర్ ఉండటం, వీటిలో ఏది ఉన్నా కసరత్తులూ లెక్కలూ పక్కన పెట్టి ఆసుపత్రికి పంపాలి. మొదటి మూడు ఉంటే ఆ రోజే. రుయా, స్విమ్స్, బర్డ్ వంటి పెద్దాసుపత్రులు తిరుపతిలోనే ఉన్నాయి.

ఇవి లేని మామూలు పట్టుకు మంచాన పడటం ఒకటి రెండు రోజులకు మించొద్దు. ఎక్కువ మందికి ఆరు వారాల్లోపు చాలావరకు తగ్గుతుంది. మన జిల్లాల్లో ఎముక నొప్పి అనగానే పుత్తూరు కట్టు వైపు చూస్తారు. అది విరిగిన ఎముక కోసం పుట్టిన పద్ధతి. ఇక్కడ విరిగినదేమీ లేదు, కదలకుండా కట్టిపడేస్తే నడుము ఇంకా బిగుసుకుంటుంది.

సెలవా, తేలిక పనా అన్న ఎంపికలో తేలిక పనే మంచిది, నిజంగా తేలికైతేనే. కూలీ తగ్గించకుండా, 5 కిలోలు దాటని బరువు, నేల దాకా వంగని పని, ఇష్టమున్నప్పుడు లేచి కూర్చునే వీలు ఉండాలి. ఎవరికి ఎక్కువ సాయం కావాలో తేల్చడానికి కీల్ విశ్వవిద్యాలయం తయారుచేసిన స్టార్ట్ బ్యాక్ అనే తొమ్మిది ప్రశ్నల కాగితం ఉంది. మొత్తం 3 లేదా అంతకు తక్కువ వస్తే భరోసా, సలహా చాలు. భయం, దిగులు అడిగే చివరి ఐదు ప్రశ్నల్లో 4 లేదా అంతకు మించి వస్తే ఫిజియోథెరపిస్టుతో పాటు మనసు విప్పి మాట్లాడే మనిషి కూడా కావాలి. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట నెల జీతం 21,000 రూపాయల లోపు ఉన్నవాళ్లకు ఉద్యోగుల రాజ్య బీమా (ఈఎస్ఐ) వర్తిస్తుంది. అర్హత ఉన్నవాళ్లకు ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం అనారోగ్య భత్యం వస్తుంది. దినకూలీ హమాలీలకు ఈ నీడ చాలాచోట్ల లేదు. సంఘాలు అడగవలసిన మొదటి విషయం ఇదే.

మీ చోటికి ఏది

ఐదారుగురు హమాలీలున్న మండీకి నాలుగు ప్యాలెట్ల వేదిక, రెండు గాలి చక్రాల ట్రాలీలు, తొట్టికి ఎదురుగా నిలబడే ఏర్పాటు. ఇవి అయ్యేదాకా ఇంకేదీ కొనొద్దు. సీజను మూడు నెలలే నడిచే గుజ్జు ఫ్యాక్టరీ లెవలర్ బల్లను దించుడు చోట ఒకటి పెట్టుకుని, ఏడాదంతా ఉండే సిబ్బందికి మాత్రం కసరత్తు కార్యక్రమం నడపాలి. సీజను కూలీలకు కసరత్తు ఫలితమిచ్చేలోపు వాళ్లు వెళ్లిపోతారు, కాబట్టి వాళ్ల కోసం మనుషుల సంఖ్య పెంచాలి. ట్రావెల్స్‌కు సీటు సర్దుబాటు, రెండు నిమిషాల నడక, పాత నొప్పి ఉన్న డ్రైవరుకు వరస ట్రిప్పులు వేయకపోవడం. ఎలక్ట్రానిక్స్ లైనుకు పని మార్పిడి, ఎత్తు మారే కుర్చీ.

ఏం చేసినా, మార్చడానికి ముందు సూచిక, బొమ్మ కాగితాల లెక్క రాసిపెట్టుకోండి. ఆరు వారాల తర్వాత సూచికను అదే టేపుతో, మూడు నెలలకు కాగితాలను అవే ప్రశ్నలతో మళ్లీ చూడండి. సూచిక 4 నుంచి 2కు దిగి కూడా నడుము మీద గుర్తులు తగ్గకపోతే, వేదిక వాడుతున్నారో లేదో ఉదయం ఒకసారి, సరుకు ఉధృతంగా వచ్చే వేళ ఒకసారి వెళ్లి చూడండి. రద్దీ పెరగగానే క్రేట్లు మళ్లీ నేల మీదికి దిగుతుంటాయి. వేదికను ఇంకో రెండు గజాలు పొడిగించడంతో అది తీరిపోతుంది.